అమెరికా ఎన్నికల వార్తలు: తెలిసిన మాటలు, వేరే అర్థాలు

జంషెడ్‌పూర్: 2024 నవంబరులో ఎనిమిది రోజుల వ్యవధిలో రెండు ఎన్నికలు జరిగాయి. నవంబరు 5న అమెరికా ఓటర్లు తమ అధ్యక్షుణ్ణి ఎన్నుకొనేందుకు ఓటు వేశారు. 13న జార్ఖండ్ శాసనసభ తొలి విడత పోలింగులో జంషెడ్‌పూర్ ఓటర్లు బారులు తీరారు. ఇక్కడి టెల్కో కాలనీలో తెలుగు వార్తలు చదివే కుటుంబాలు ఆ రెండు ఎన్నికలనూ దాదాపు ఒకే పదజాలంతో చదివాయి. ఆధిక్యం, విజయం, గవర్నర్, కాంగ్రెస్, టికెట్ అనే మాటలు రెండు వార్తల్లోనూ కనిపించాయి. అయితే వాటిలో చాలావాటికి రెండు దేశాల్లో ఒకే అర్థం లేదు.

ఈ తేడా భాషాశాస్త్ర చర్చకే పరిమితమైనది కాదు. టెల్కో అన్న పేరు 1945లో ఏర్పడిన టాటా ఇంజినీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ నుంచి వచ్చింది. 2003లో టాటా మోటార్స్‌గా మారిన ఆ సంస్థ 2008లో బ్రిటన్‌కు చెందిన జాగ్వార్ లాండ్ రోవర్‌ను కొనుగోలు చేసింది. దిగుమతి కార్లపై అమెరికా 25 శాతం సుంకం విధించడంతో 2025 ఏప్రిల్‌లో జాగ్వార్ లాండ్ రోవర్ ఆ దేశానికి ఎగుమతులను తాత్కాలికంగా నిలిపివేసింది. మరోవైపు, పిల్లలు హెచ్-1బీ వీసాపై అమెరికాలో పనిచేస్తున్న తెలుగు కుటుంబాలకు వాషింగ్టన్ నుంచి వచ్చే ప్రతి శీర్షికా ఇంటి వార్తే. శీర్షికలోని ఒక్క మాటను భారతీయ అర్థంలో చదువుకొంటే అనవసరమైన భయమో, ఆధారంలేని నిశ్చింతో కలుగుతుంది. అందుకే అమెరికా రాజకీయ వార్తల్లో తరచుగా ఎదురయ్యే కొన్ని మాటలను ఇక్కడి అనుభవంతో పోల్చి వివరించే ప్రయత్నమిది.

మధ్యంతర ఎన్నికలు

అమెరికాలో 2026 నవంబరు 3న జరగవలసిన ఎన్నికలను తెలుగు పత్రికలు ‘మధ్యంతర ఎన్నికలు’ అని వ్యవహరిస్తున్నాయి. భారతదేశంలో ఈ మాటకు స్థిరపడిన అర్థం వేరు. 1971లో, 1980లో జరిగినట్లు, గడువు తీరకముందే సభ రద్దయి ఎన్నికలు వస్తే వాటిని మధ్యంతర ఎన్నికలంటాం. 2018లో తెలంగాణ శాసనసభ రద్దయినప్పుడు పత్రికలు ‘ముందస్తు ఎన్నికలు’ అన్న మాటనూ విరివిగా వాడాయి. రెండింటిలోనూ ప్రభుత్వం పడిపోవడమో, తానే గడువు ముగించుకోవడమో ఉంటుంది.

అమెరికాలో అలాంటిదేమీ ఉండదు. అధ్యక్షుడి పదవీకాలం నాలుగేళ్లు. ఆ నాలుగేళ్ల మధ్యలో, ముందే చట్టం నిర్ణయించిన తేదీన జరిగే ఎన్నికలు కనుక వాటికి ఆ పేరు వచ్చింది. దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో 435 స్థానాలకూ రెండేళ్లకొకసారి ఎన్నిక జరుగుతుంది. ఎగువ సభ అయిన సెనేట్‌లో 100 మంది సభ్యుల పదవీకాలం ఆరేళ్లు. వారిలో దాదాపు మూడోవంతు మంది స్థానాలకు రెండేళ్లకొకసారి ఎన్నికలు జరుగుతాయి. మన రాజ్యసభ పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. అయితే రాజ్యసభ సభ్యులను శాసనసభ్యులు ఎన్నుకొంటారు, సెనేటర్లను 1913 నుంచి ప్రజలే నేరుగా ఎన్నుకొంటున్నారు.

కాబట్టి మధ్యంతర ఎన్నికల్లో అధ్యక్షుడి పార్టీ ఓడిపోయినా అధ్యక్షుడు పదవి నుంచి దిగిపోడు. ‘ప్రభుత్వం పడిపోయింది’ అన్న వాక్యానికి అమెరికా వ్యవస్థలో చోటు లేదు. చట్టాలు చేయించుకొనే శక్తి, ఖర్చులకు ఆమోదం పొందే వెసులుబాటు మాత్రం తగ్గిపోతాయి.

కాంగ్రెస్, రాష్ట్రం, గవర్నర్

‘కాంగ్రెస్ బిల్లును తిరస్కరించింది’ అన్న శీర్షికను జంషెడ్‌పూర్‌లోనైనా, విజయవాడలోనైనా పాఠకుడు ముందుగా ఒక పార్టీకి అన్వయించుకొంటాడు. అమెరికా వార్తల్లో కాంగ్రెస్ అంటే ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన చట్టసభ. మన పార్లమెంటుకు సమానమైనది. అక్కడి రెండు ప్రధాన పార్టీలు రిపబ్లికన్, డెమోక్రాటిక్.

‘గవర్నర్’ మరింత తికమకపెట్టే మాట. భారతదేశంలో గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు, రోజువారీ పాలన ముఖ్యమంత్రి చేతిలో ఉంటుంది. అమెరికా రాష్ట్రాల్లో గవర్నర్‌ను ప్రజలు ఎన్నుకొంటారు. అధికారాల దృష్ట్యా ఆ పదవి మన ముఖ్యమంత్రి పదవికి దగ్గరగా ఉంటుంది. ‘లెఫ్టినెంట్ గవర్నర్’ అన్నమాట వినగానే మనకు ఢిల్లీ, పుదుచ్చేరి, జమ్మూకశ్మీర్ గుర్తుకొస్తాయి. అక్కడ ఆ పదవిలో ఉండేది కేంద్రం నియమించిన వ్యక్తి. హైదరాబాద్‌లో జన్మించిన అరుణా మిల్లర్ 2022 నవంబరులో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. హైదరాబాద్‌లోనే జన్మించిన గజాలా హాష్మీ 2025 నవంబరు 4న వర్జీనియాలో అదే పదవికి ఎన్నికయ్యారు. వీరిద్దరూ ఓటర్ల తీర్పుతో గెలిచినవారు, గవర్నర్ తరువాతి స్థానంలో ఉండేవారు. ఉప ముఖ్యమంత్రితో పోల్చి చెబితే మన పాఠకుడికి విషయం కొంత స్పష్టమవుతుంది.

రంగుల సంగతీ ఇలాంటిదే. కార్మిక సంఘాల జెండాలు చూసిన పారిశ్రామిక పట్టణంలో ‘ఎర్ర’ అనగానే వామపక్షం స్ఫురిస్తుంది. అమెరికా వార్తల్లో ‘రెడ్ స్టేట్’ అంటే రిపబ్లికన్ పార్టీకి పట్టున్న రాష్ట్రం, ‘బ్లూ స్టేట్’ అంటే డెమోక్రాట్లకు పట్టున్న రాష్ట్రం. ఆ దేశంలో సంప్రదాయవాద పక్షంగా పేరున్నది రిపబ్లికన్ పార్టీయే. పైగా ఈ రంగులు పార్టీలు ఎంచుకొన్నవి కావు. టెలివిజన్ సంస్థలు పటాలపై వాడిన రంగులు 2000 ఎన్నికల వేళ ఈ విధంగా స్థిరపడిపోయాయి.

ఎలక్టోరల్ కాలేజీ

తెలుగులో కాలేజీ అంటే పిల్లలు చదువుకొనే చోటు. ఈ పదబంధంలో కాలేజీ అంటే ఒక పనికోసం కూడిన సభ్యుల సమూహం. ‘నిర్వాచక గణం’ అన్నది దానికి తగిన తెలుగు మాట. ఆ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. భారత రాష్ట్రపతిని ఎన్నుకొనేది కూడా నిర్వాచక గణమే. 2022లో, అంతకుముందు జార్ఖండ్ గవర్నర్‌గా పనిచేసిన ద్రౌపదీ ముర్ము రాష్ట్రపతిగా ఎన్నికైనప్పుడు జార్ఖండ్ శాసనసభ్యుడి ఒక్కో ఓటు విలువ 176, ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుడిది 159, తెలంగాణ శాసనసభ్యుడిది 132.

అమెరికా గణంలో 538 ఓట్లుంటాయి. ప్రతినిధుల సభ స్థానాలు 435, సెనేట్ స్థానాలు 100, రాజధాని వాషింగ్టన్‌కు 3 కలిపితే వచ్చే సంఖ్య అది. గెలవడానికి 270 కావాలి. 48 రాష్ట్రాల్లోనూ, రాజధానిలోనూ ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఆ రాష్ట్రపు మొత్తం ఓట్లు గెలిచిన అభ్యర్థికే వెళతాయి. మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాల్లో మాత్రం కొన్ని ఓట్లను నియోజకవర్గాలవారీగా కేటాయిస్తారు. దేశమంతటా ఎక్కువ ఓట్లు పొందిన అభ్యర్థి ఓడిపోయే అవకాశం ఇందువల్లే ఏర్పడుతుంది. 2000లో అల్ గోర్‌కు జార్జ్ బుష్ కంటే 5 లక్షలకు పైగా, 2016లో హిల్లరీ క్లింటన్‌కు డొనాల్డ్ ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఇద్దరూ అధ్యక్షులు కాలేకపోయారు.

మన దగ్గరా ఓట్ల శాతానికీ, సీట్లకూ పొంతన కుదరని సందర్భాలుంటాయి. నియోజకవర్గాలను లెక్కించే పద్ధతిలో అది సహజం. తేడా ఏమిటంటే, అమెరికా అధ్యక్ష ఎన్నికలో దాదాపు ఒక్కో రాష్ట్రమే ఒక్కో నియోజకవర్గంలా పనిచేస్తుంది.

‘స్వింగ్ స్టేట్’ అన్న మాట ఇక్కడి నుంచే పుట్టింది. ఏ పార్టీకీ స్థిరమైన పట్టులేని రాష్ట్రాలవి. 2024లో పెన్సిల్వేనియా, మిచిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరొలైనా, అరిజోనా, నెవాడాలను అలా గుర్తించారు. ఆ ఏడింటికీ కలిపి ఉన్నవి 93 ఓట్లు. ఏడింటినీ ట్రంప్ గెలుచుకొన్నారు. తుది లెక్క ట్రంప్‌కు 312, కమలా హారిస్‌కు 226. దేశవ్యాప్తంగా వచ్చిన ఓట్ల శాతంలో మాత్రం ఇద్దరి మధ్య తేడా రెండు శాతం లోపే. ‘ఘన విజయం’ అని రాసిన పత్రికా, ‘స్వల్ప తేడాతో విజయం’ అని రాసిన పత్రికా వేర్వేరు అంకెలను చూసి రాసినవే.

టికెట్, ప్రైమరీ

భారతదేశంలో ‘టికెట్ దక్కింది’ అంటే పార్టీ అధిష్ఠానం అభ్యర్థిత్వం ఇచ్చిందని అర్థం. అమెరికాలో ‘టికెట్’ అంటే అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల జోడీ. ఓటరు ఇద్దరినీ కలిపి ఎన్నుకోవాలి. తెలుగు మూలాలున్న ఉషా చిలుకూరి వాన్స్ భర్త జె.డి. వాన్స్ 2024లో రిపబ్లికన్ టికెట్‌పై ఉన్నారంటే, ట్రంప్‌కు జోడీగా పోటీ చేశారని భావం.

అభ్యర్థిని నిర్ణయించేది అధిష్ఠానం కాకుండా ఓటర్లు కావడమే ‘ప్రైమరీ’. అదొక పార్టీ అంతర్గత ఎన్నిక, అయినా సాధారణంగా ప్రభుత్వ యంత్రాంగమే దాన్ని నిర్వహిస్తుంది. కొన్ని చోట్ల పార్టీ మద్దతుదారులు సమావేశమై తేల్చే ‘కాకస్’ పద్ధతి ఉంది. ‘ప్రైమరీలో గెలుపు’ అన్న వార్త చదివి పదవి దక్కిందనుకోకూడదు. పార్టీ అభ్యర్థిత్వం వైపు ఒక అడుగు పడిందని మాత్రమే దాని అర్థం.

ఫలితం ప్రకటించేదెవరు?

పాఠకులు ఎక్కువగా పొరబడేది ఈ ప్రశ్న దగ్గరే. 2024 నవంబరు 23న జార్ఖండ్ ఓట్ల లెక్కింపు జరిగింది. 81 స్థానాలున్న సభలో జార్ఖండ్ ముక్తి మోర్చా కూటమి 56 గెలుచుకొంది. ప్రతి రౌండు ఆధిక్యం, తుది ఫలితం భారత ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో కనిపించాయి. గెలిచిన అభ్యర్థికి రిటర్నింగ్ అధికారి ధ్రువపత్రం ఇచ్చారు.

అమెరికాలో అలాంటి జాతీయ ఎన్నికల సంఘం లేదు. ‘ఫెడరల్ ఎలక్షన్ కమిషన్’ అనే సంస్థ ఉన్నా, దాని పని ఎన్నికల విరాళాలు, ఖర్చుల నియంత్రణ వరకే. ఓట్లు వేయించడం, లెక్కించడం రాష్ట్రాలు, వాటి పరిధిలోని కౌంటీలు చేస్తాయి. నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. ఆ అంకెలన్నింటినీ ఒకచోట చేర్చే పని వార్తా సంస్థలపై పడింది. అసోసియేటెడ్ ప్రెస్ 1848 నుంచి ఈ పని చేస్తోంది. వెనుకబడిన అభ్యర్థి ఇక గెలవడానికి దారి లేదని తేలినప్పుడే విజేతను ప్రకటించడం ఆ సంస్థ పెట్టుకొన్న నియమం. 2024లో ట్రంప్ విజయాన్ని ఆ సంస్థ వెల్లడించేసరికి భారత కాలమానం ప్రకారం నవంబరు 6 సాయంత్రం 4 గంటలు దాటింది.

ఇది చట్టబద్ధమైన ప్రకటన కాదని గుర్తుంచుకోవాలి. ఆ తరువాత రాష్ట్రాలు ఫలితాలను ధ్రువీకరించాయి. డిసెంబరు 17న నిర్వాచక గణం సభ్యులు తమ తమ రాష్ట్రాల్లో ఓటు వేశారు. 2025 జనవరి 6న కాంగ్రెస్ ఆ ఓట్లను లెక్కించింది. ఉపాధ్యక్ష హోదాలో ఆ సమావేశానికి అధ్యక్షత వహించి తన ఓటమిని చదివి వినిపించింది కమలా హారిసే. జనవరి 20న ప్రమాణ స్వీకారం జరిగింది. తెలుగులో ఈ అన్ని దశలకూ ‘ఎన్నికయ్యారు’ అని రాసే అలవాటుంది. ‘విజేతగా వార్తా సంస్థలు తేల్చాయి’ అనడం, ‘రాష్ట్రం ధ్రువీకరించింది’ అనడం వేర్వేరు వార్తలు.

వార్తా సంస్థలు పొరబడితే ఏమవుతుందో 2000 ఎన్నిక చూపించింది. ఫ్లోరిడాలో గోర్ గెలిచారని టెలివిజన్ చానళ్లు తొలుత చెప్పి, వెనక్కి తీసుకొన్నాయి. అర్ధరాత్రి దాటాక బుష్ గెలిచారని చెప్పి, దాన్నీ వెనక్కి తీసుకొన్నాయి. ఆ రాత్రి అసోసియేటెడ్ ప్రెస్ ఫ్లోరిడా విజేతను ప్రకటించలేదు. వివాదం సుప్రీంకోర్టుకు చేరి డిసెంబరు 12న ముగిసింది. చివరికి ఫ్లోరిడాలో తేలిన ఆధిక్యం 537 ఓట్లు.

‘ఆధిక్యం’ ఎందుకు మారుతుంది?

2020లో పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌లలో పోలింగు ముగిసిన రాత్రి ట్రంప్ ముందంజలో కనిపించారు. తరువాతి గంటల్లో, రోజుల్లో జో బైడెన్ ముందుకు వచ్చారు. దీనికి కారణం లెక్కింపు క్రమం. తపాలా ఓట్ల కవర్లను పోలింగు రోజుకు ముందు తెరవడానికి ఆ రెండు రాష్ట్రాల చట్టాలు అనుమతించవు. అందువల్ల పోలింగు కేంద్రాల్లో పడిన ఓట్ల లెక్క ముందుగా వెలువడి, తపాలా ఓట్ల లెక్క ఆలస్యంగా వచ్చింది. ఆ ఏడాది తపాలా ద్వారా ఓటు వేసినవారిలో డెమోక్రాట్లు ఎక్కువ. భారతదేశంలో తపాలా ఓట్ల లెక్కింపును ముందుగా మొదలుపెడతారు కనుక మనకు ఈ క్రమం వింతగా తోస్తుంది.

‘ట్రంప్ ఆధిక్యం మాయం’ వంటి శీర్షిక చదివిన పాఠకుడు ఏదో అక్రమం జరిగిందని అనుమానించడం సహజం. ఆ అనుమానాన్నే పట్టుకొని దాఖలైన 60కి పైగా వ్యాజ్యాలలో ఎన్నిక ఫలితాన్ని మార్చగల అక్రమాన్ని ఏ కోర్టూ గుర్తించలేదు. ఓటింగు యంత్రాలపై నిరాధార ఆరోపణలను ప్రసారం చేసినందుకు వేసిన పరువునష్టం దావాను పరిష్కరించుకొనేందుకు ఫాక్స్ న్యూస్ 2023 ఏప్రిల్‌లో డొమినియన్ సంస్థకు 78.75 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొంది. మాటకు ఎంత విలువ ఉంటుందో చెప్పడానికి ఇంతకు మించిన లెక్క దొరకదు.

సర్వేలు, అభిప్రాయ పుటలు

ఆంగ్లంలో ‘పోల్’ అన్న ఒకే మాట ఓటింగుకూ, అభిప్రాయ సేకరణకూ వాడతారు. తెలుగులో దాన్ని ‘సర్వే’ అనడం మేలు. వెయ్యి మందిని అడిగిన సర్వేలో సుమారు 3 శాతం అటూ ఇటూ పొరపాటుకు అవకాశం ఉంటుంది. ఒకరికి 49, మరొకరికి 47 శాతం వస్తే తొలి వ్యక్తి ముందున్నారని చెప్పలేం. పోటాపోటీగా ఉందనే చెప్పాలి. 2024 ఎన్నికలకు కొద్ది రోజుల ముందు అయోవా రాష్ట్రంలో డి మోయిన్ రిజిస్టర్ పత్రిక కోసం జరిపిన సర్వేలో హారిస్ 3 శాతం ముందున్నట్లు తేలింది. పోలింగులో ట్రంప్ అక్కడ 13 శాతం తేడాతో గెలిచారు. మంచి పేరున్న సర్వే అయినా ఒక్కదాని మీదే ఆధారపడకూడదని చెప్పడానికి ఇది ఉదాహరణ.

మరో భేదం పత్రికల తీరులో ఉంది. అమెరికా పత్రికలు సంపాదకీయ పుటలో ఫలానా అభ్యర్థిని బలపరుస్తున్నామని బాహాటంగా ప్రకటించే ఆనవాయితీ చాలాకాలంగా ఉంది. 2024 అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్ ఆ ఆనవాయితీని మానుకొంటున్నట్లు చెప్పడమే పెద్ద వార్త అయింది. ఆ పత్రికల్లో వార్తా విభాగం, అభిప్రాయ విభాగం వేర్వేరు. ‘ఫలానా పత్రిక ఇలా రాసింది’ అని తెలుగులో చదివినప్పుడు, రాసింది విలేకరా, సంపాదకవర్గమా, బయటి వ్యాసకర్తా అన్నది చూసుకోవాలి.

నియోజకవర్గాల గీతలు

దక్షిణాది రాష్ట్రాల్లో ‘పునర్విభజన’ అంటే పార్లమెంటులో ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలన్న ఆందోళన గుర్తుకొస్తుంది. అమెరికా వార్తల్లో ఇప్పుడు నలుగుతున్న వివాదం, రాష్ట్రం లోపల నియోజకవర్గాల సరిహద్దులు ఎలా గీయాలన్నది. భారతదేశంలో ఆ పని స్వతంత్ర కమిషన్ చేస్తుంది. అమెరికాలో చాలాచోట్ల రాష్ట్ర శాసనసభలే చేస్తాయి. అధికార పార్టీ తనకు అనుకూలంగా వంకరటింకర గీతలు గీయడాన్ని ‘జెరిమాండరింగ్’ అంటారు. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ ఆమోదించిన ఒక నియోజకవర్గం సాలమాండర్ అనే జంతువు ఆకారంలో ఉందని ఒక పత్రిక ఎగతాళి చేయడంతో ఆ పేరు పుట్టింది. 2025లో టెక్సాస్ రిపబ్లికన్లు తమకు అనుకూలంగా పటాన్ని మార్చగా, కాలిఫోర్నియా ఓటర్లు అదే ఏడాది నవంబరు 4న డెమోక్రాట్లకు అనుకూలించే పటాన్ని ఆమోదించారు. 2026 ఎన్నికల ఫలితాలను చదివేటప్పుడు ఈ గీతలనూ లెక్కలోకి తీసుకోవాలి.

బిల్లు, చట్టం, ఆదేశం

చివరిగా, ఇంటి నిర్ణయాలను నేరుగా తాకే మాటలు. కాంగ్రెస్‌లో ఏ సభ్యుడైనా బిల్లు ప్రవేశపెట్టవచ్చు. రెండేళ్ల కాలంలో వేల బిల్లులు వస్తాయి, చట్టాలయ్యేవి కొన్ని వందలే. ‘అమెరికా వీసాలు రద్దు చేసే బిల్లు’ అన్న శీర్షికలో చాలాసార్లు ఉండేది ఒక సభ్యుడి ప్రతిపాదన మాత్రమే. అధ్యక్షుడి ఆదేశాలు, అధికారిక ప్రకటనల సంగతి వేరు. కాంగ్రెస్ ఓటు లేకుండానే, అప్పటికే ఉన్న చట్టం ఇచ్చిన అధికారంతో అవి వెంటనే అమల్లోకి రావచ్చు. కార్లపై సుంకం అలా వచ్చినదే. కోర్టులు వాటిని నిలిపివేయవచ్చు, తరువాతి అధ్యక్షుడు ఉపసంహరించవచ్చు.

2025 సెప్టెంబరు 19న హెచ్-1బీ దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ట్రంప్ ప్రకటనపై సంతకం చేశారు. అది ఏటా చెల్లించవలసిందని వాణిజ్య మంత్రి హోవర్డ్ లుట్నిక్ ఆ రోజు చెప్పారు. సెలవుపై స్వదేశానికి వచ్చిన ఉద్యోగులు హడావుడిగా విమానాలు ఎక్కారు. మర్నాడు వైట్‌హౌస్ ఇచ్చిన వివరణ వేరు: రుసుము ఒక్కసారే, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవారికి వర్తించదు. మంత్రి మాటకూ, సంతకమైన పత్రంలోని మాటకూ ఉన్న తేడా ఆ ఒక్కరోజు వేల కుటుంబాల ప్రయాణాలను తారుమారు చేసింది.

అమెరికా వార్త కనబడగానే పాఠకుడు నాలుగు ప్రశ్నలు వేసుకొంటే చాలావరకు స్పష్టత వస్తుంది. చెప్పింది ఎవరు: అధికారా, వార్తా సంస్థా, అభిప్రాయ వ్యాసకర్తా? ఇది ఏ దశ: ప్రతిపాదనా, ఆదేశమా, చట్టమా? అంకె దేనిది: సర్వేదా, లెక్కించిన ఓట్లదా, నిర్వాచక గణానిదా? అమలు ఎప్పటినుంచి, ఎవరికి? వార్తలో ఈ నాలుగింటికీ జవాబు లేకపోతే, ఉద్యోగం గురించో ప్రయాణం గురించో నిర్ణయం తీసుకొనే ముందు మరో వార్త కోసం వేచి ఉండడం మంచిది.